అమ్మానాన్నలు ఇచ్చిన ఒళ్లు: చైనా వీడియో కళలో దేహం, ఆధ్యాత్మికత

ఒక పెద్దాయన కెమెరా ఎదురుగా ఉంటారు. ఆయన కోటు మీద ఒక చెయ్యి కదులుతూ ఉంటుంది. అది నిజం చెయ్యి కాదు, ప్రొజెక్టర్ నుంచి పడుతున్న చెయ్యి బొమ్మ. భుజం మీద నుంచి ఛాతీ మీదకు నెమ్మదిగా నిమురుతూ వస్తుంది. దానికి బరువు లేదు, వెచ్చదనం లేదు, ఉన్నదంతా వెలుగే. కాసేపటికి పెద్దాయన కోటు తీసేస్తారు. తర్వాత చొక్కా, ఆ తర్వాత బనియన్. ఇప్పుడు ఆ చెయ్యి నేరుగా ఒంటి మీదే ఆడుతోంది. ఇంకాసేపటికి ఆయన తీసినవన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా తొడుక్కుంటారు.

బీజింగ్ కళాకారుడు సోంగ్ డోంగ్ 1997లో చేసిన ఈ వీడియో పేరు ‘నాన్నను తాకడం’. ఆ పెద్దాయన ఆయన కన్నతండ్రి, ఇంజనీరు. మావో కాలంలో విప్లవ వ్యతిరేకి అని ముద్ర వేసి ఆయనను ఏళ్ల తరబడి శిబిరంలో ఉంచారు. పెద్దయిన కొడుకు తండ్రి ఒంటి మీద చెయ్యి వేయడం చైనా ఇళ్లలో మామూలుగా జరిగే పని కాదు. మన దగ్గరా చాలామంది కొడుకులు నాన్న చేతిని గట్టిగా పట్టుకునేది ఆసుపత్రి మంచం పక్కనే. సోంగ్ డోంగ్ తాను తాకలేని చోటికి వీడియోను పంపారు. తండ్రి బట్టలు విప్పుతారని ఆయన ముందుగా అనుకోలేదు. ఈ వీడియోలో అసలైన ఘటన అదే. కొడుకు అడగని దాన్ని తండ్రి ఇచ్చారు.

చైనా సమకాలీన వీడియో కళలో దేహం గురించి, ఆధ్యాత్మికత గురించి మాట్లాడాలంటే ఈ తండ్రీకొడుకుల దగ్గర మొదలుపెట్టడమే సరైనది. ఎందుకంటే అక్కడి సంప్రదాయంలో ఒళ్లు ఎవరి సొంతమూ కాదు. రెండు వేల ఏళ్లకు పైగా చైనా పిల్లల చేత చదివించిన పితృభక్తి గ్రంథం ‘షియావ్‌జింగ్’ తొలి అధ్యాయంలోనే ఒక మాట ఉంది. ఒళ్లు, వెంట్రుకలు, చర్మం తల్లిదండ్రుల నుంచి అందినవి, వాటికి హాని కలగనివ్వకపోవడమే పితృభక్తికి మొదలు అని. అంటే దేహం మన దగ్గర దాచమని ఇచ్చిన సొమ్ము లాంటిది. చైనా భాషలో ‘షెన్’ అన్న పదానికి ఒళ్లు అనీ అర్థమే, తాను అనీ అర్థమే. ‘షియుషెన్’ అంటే మనిషి తనను తాను తీర్చిదిద్దుకోవడం. అక్షరాలా చూస్తే ఒంటిని సరిచేసుకోవడం. ఈ సంగతి తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ‘ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు’ అంటాం, ‘ఒళ్లు తెలియని కోపం’ అంటాం. ఈ మాటల్లో ఒళ్లంటే చర్మం, ఎముకలు కాదు, తెలివిడి.

ఈ నేపథ్యం పట్టుకుని చూస్తే గత మూడున్నర దశాబ్దాల వీడియోల్లో ఒకే ప్రశ్న రకరకాలుగా వినిపిస్తుంది: ఈ ఒళ్లు ఎవరిది? ఎవరు ఇచ్చారు, ఎవరు వాడుకుంటున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చేయాలి? దానికి జవాబు మంత్రాల్లోనో గ్రంథాల్లోనో వెతికిన కళాకారులు తక్కువ. చాలామంది ఒక పని మొదలుపెట్టి, దాన్నే మళ్లీ మళ్లీ చేస్తూ వెతికారు. అలా చేస్తూ పోయే పనిని ఉన్నదున్నట్టు, దానికి పట్టిన సమయంతో సహా పట్టుకోగలిగేది వీడియోనే. ఫొటోకు ఆ సమయం అందదు, సినిమాకు అంత ఓపిక ఉండదు.

చైనాలో తొలి వీడియో కళాకృతిగా అందరూ చెప్పే ‘30 × 30’ పుట్టుకే ఇలాంటిది. హాంగ్‌జౌకు చెందిన జాంగ్ పెయ్‌లీ 1988లో దీన్ని తీశారు. పేరు ఒక అద్దం కొలత, 30 సెంటీమీటర్ల నలుచదరం. కదలని కెమెరా ముందు ఆయన ఆ అద్దాన్ని కింద పడేస్తారు. అది పగులుతుంది. ముక్కలన్నీ ఏరి జిగురుతో అతికిస్తారు. అతికించాక మళ్లీ పడేస్తారు. ఈసారి ముక్కలు ఎక్కువ, అవి మరీ చిన్నవి. మళ్లీ అతికిస్తారు. ఇలా మూడు గంటలు. చూసేవాళ్లకు కనిపించేది చేతులు, అద్దం ముక్కలు, వాటిని ఒకదాని పక్కన ఒకటి ఆనించే ఓపిక. అదే ఏడాది హువాంగ్‌షాన్‌లో కళాకారుల సమావేశంలో దీన్ని వేసినప్పుడు కూర్చున్నవాళ్లకు విసుగొచ్చింది. టేపును ముందుకు తిప్పమన్నారు. వచ్చినవాళ్లంతా కళ తెలిసినవాళ్లే, అయినా కూర్చోలేకపోయారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చైనా కళాకారుడు ఒకే పనిని పదే పదే చేస్తే చాలు, దాన్ని ధ్యానం అనో జెన్ బౌద్ధం అనో రాసేసే అలవాటు మ్యూజియం గోడల మీది చీటీల్లో బాగా కనిపిస్తుంది. జాంగ్ పెయ్‌లీ విషయంలో ఆ మాట పొసగదు. అప్పుడప్పుడే చైనా ఇళ్లలోకి టీవీ వచ్చి కూర్చుంటోంది. టీవీ అంటే వినోదం, వార్త, ప్రచారం. అదే తెర మీద మూడు గంటల విసుగును పెట్టి, ఇది కూడా చూడగలరా అని అడగడం ఆయన ఉద్దేశం. మూడేళ్ల తర్వాత, 1991లో చేసిన ‘పరిశుభ్రతపై పత్రం – 3’లో ఒక బతికున్న కోడిని బేసిన్‌లో పెట్టి సబ్బు రాసి ఓపిగ్గా కడుగుతారు. 1952 నుంచి చైనా ప్రభుత్వం దేశభక్తి పేరుతో పరిశుభ్రత ఉద్యమాలు నడిపింది. 1951 నుంచి రేడియోలో సంగీతం వేసి దేశమంతటి చేత ఒకే కసరత్తు చేయించింది. కడిగించుకునే ఒళ్లు, లెక్క ప్రకారం చేతులెత్తే ఒళ్లు. ఆ కోడి ఎవరో అక్కడి ప్రేక్షకులకు వేరే చెప్పాల్సిన పనిలేదు. కోడి పెద్దగా గింజుకోదు, చూస్తుంటే మనసుకు కష్టం కలిగేది అందుకే.

1996లో ఆయన చేసిన మరో పనిలో చాలా టీవీల నిండా ఒకటే దృశ్యం. గోళ్లు చర్మాన్ని గోకుతుంటాయి. మొదట హాయిగా అనిపిస్తుంది. చర్మం ఎర్రబడుతుంది. ఇంకా గోకుతూనే ఉంటాయి. సుఖం ఎక్కడ ఆగి బాధ ఎక్కడ మొదలైందో పట్టుకోలేం.

అదే 1996లో హాంగ్‌జౌలో చైనా తొలి వీడియో కళా ప్రదర్శన జరిగింది. దాన్ని ఏర్పాటు చేసినవారు విమర్శకురాలు వూ మెయ్‌చున్, కళాకారుడు చియు జిజే. చియు జిజే 1990లో ఒక పని మొదలుపెట్టి ఐదేళ్లు కొనసాగించారు. క్రీ.శ. 353లో వాంగ్ షీజీ రాసిన ‘లాంతింగ్ పీఠిక’ చైనా దస్తూరీ కళకు శిఖరం. నేర్చుకునేవాళ్లందరూ దాన్ని చూసి రాయాల్సిందే. చియు జిజే దాన్ని వెయ్యిసార్లు రాయాలని కూర్చున్నారు, కానీ ఒకే కాగితం మీద. మొదటి కొన్ని సార్లకే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తర్వాత కాగితం పూర్తిగా నల్లబడింది. ఆ తర్వాత కుంచె ఏం రాస్తోందో రాసేవాడి చేతికి తప్ప ఎవరికీ తెలియదు. వీడియోలో ఆ చెయ్యి అదే తీరుగా సాగుతూనే ఉంటుంది. రామకోటి రాసేవాళ్లను దగ్గరగా చూసినవాళ్లకు ఇది తెలిసిన దృశ్యమే. ఒక దశ దాటాక రాత చదవడానికి కాదు, రాయడానికే. ఇక్కడ ధ్యానం అన్న మాట అతకదని ఎవరూ అనలేరు.

జాంగ్ హువాన్ 2000లో ఇదే నలుపును తన ముఖం మీదకు తెచ్చుకున్నారు. ‘వంశవృక్షం’ అన్న ఆ పనిలో ముగ్గురు రాతగాళ్లు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఆయన ముఖం మీద సిరాతో రాస్తూ పోయారు. పేర్లు, కథలు, ముఖలక్షణాలను బట్టి జాతకం చెప్పే మాటలు. చివరికి ముఖమంతా నల్లగా మెరుస్తూ మిగిలింది, మనిషి పోలిక పోయింది. దాని ఆనవాలుగా మిగిలినవి తొమ్మిది ఫొటోలు. వంశం రాసిందే ముఖాన్ని చెరిపేసింది.

సోంగ్ డోంగ్ దారి ఇందుకు ఎదురు. ఆయనకు సిరా అక్కర్లేదు. ఇంట్లో డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో కాగితం, సిరా దండగ కాకుండా రాతిపలక మీద నీళ్లతో దస్తూరీ దిద్దుకోమని తండ్రి ఆయనకు చిన్నప్పుడు నేర్పారు. 1995 నుంచి ఆయన ఒక రాయి మీద నీళ్లతో డైరీ రాసుకుంటున్నారు. రాసిన మాట చూస్తుండగానే ఆరిపోతుంది. కోపమైనా, దిగులైనా, ఎవరికీ చెప్పలేని సంగతైనా రాయి పుచ్చుకుంటుంది, ఎవరికీ చూపించదు. పేదరికం నేర్పిన పొదుపు ఎప్పుడు సాధన అయిందో కొడుక్కి తెలిసి ఉండకపోవచ్చు.

1996 ఆఖరు రాత్రి బీజింగ్‌లో మైనస్ తొమ్మిది డిగ్రీల చలి. సోంగ్ డోంగ్ తియానన్‌మెన్ చౌక్‌లో నేల మీద బోర్లా పడుకుని నలభై నిమిషాలు ఊపిరి వదిలారు. ఆ వేడి ఆవిరి రాతి మీద పలచని మంచు పొరగా పేరుకుంది. తర్వాత గడ్డకట్టిన హౌహాయ్ చెరువు మీద అలాగే నలభై నిమిషాలు పడుకున్నారు. అక్కడ ఏమీ మారలేదు. మంచు మంచులాగే ఉంది. రెండు చోట్లా ఫొటోలు తీశారు. 1989 జూన్‌లో ఆ చౌక్‌లో నిరసన చేస్తున్న విద్యార్థుల మీదకు సైన్యాన్ని పంపిన సంగతి తెలిసినవాళ్లు మొదటి ఫొటోను ఒక రకంగా చదువుతారు. చైనా వైద్యంలో, యోగసాధనలో ప్రాణశక్తిని ‘చీ’ అంటారు. ఆ సంగతి తెలిసినవాళ్లు రెండు ఫొటోలనూ కలిపి మరో రకంగా చదువుతారు. ఒకే ఊపిరి, ఒకచోట ఆనవాలు మిగిల్చింది, ఇంకోచోట మిగల్చలేదు. రెండు చోట్లా మనిషి పెట్టిన శ్రమ ఒక్కటే.

తల్లిదండ్రులిచ్చిన ఒంటికి హాని చేయకూడదన్న మాటను బాహాటంగా ధిక్కరించినవాళ్లూ ఉన్నారు. ఇదే జాంగ్ హువాన్ 1994లో, బీజింగ్ శివార్లలోని పేద బస్తీలో, ఒంటికి తేనె, చేపనూనె పూసుకుని ఒక పబ్లిక్ మరుగుదొడ్డిలో గంటసేపు కదలకుండా కూర్చున్నారు. ఒళ్లంతా ఈగలు. గంట కాగానే లేచి పక్కనున్న చెరువులోకి నడిచి వెళ్లిపోయారు. ఇందులో బాధ కన్నా కదలకపోవడమే ఎక్కువ పట్టుకుంటుంది. పద్మాసనం వేసిన చోటు మరుగుదొడ్డి అయింది, అంతే తేడా. షూ జెన్ 1998లో చేసిన ‘ఇంద్రధనుస్సు’ చిన్న వీడియో. తెర నిండా ఒక నగ్నమైన వీపు. దెబ్బ చప్పుడు వినిపిస్తుంది, కొట్టిన చెయ్యి మాత్రం కనిపించదు. ఆ క్షణాలన్నీ ఎడిటింగ్‌లో తీసేశారు. తెల్లని చర్మం మీద ఎర్రటి అచ్చులు వాటంతటవే తేలినట్టు వస్తాయి.

మా చ్యూషా 2007లో చేసిన వీడియో వీటన్నిటికన్నా చూడటానికి కష్టమైనది. 1982లో పుట్టిన తరం ఆమెది, ఇంటికొక్క బిడ్డ అన్న చట్టం కింద పెరిగిన తరం. కెమెరా ముందు కూర్చుని తన చిన్నతనం చెబుతారు. అమ్మ పట్టుదల, బొమ్మల క్లాసులు, పరీక్షలు, అమ్మానాన్నలు తన మీద పెట్టుకున్న ఆశలు. మాట కాస్త తడబడుతుంది, కొన్ని అక్షరాలు సరిగా పలకవు. టెన్షన్ పడుతోందేమో అనుకుంటాం. చివర్లో నోరు తెరిచి నాలుక మీద నుంచి బ్లేడు బయటికి తీస్తారు, రక్తంతో. అప్పుడు గానీ తెలియదు, అమ్మ గురించి చెప్పిన ప్రతి మాటకూ నాలుక తెగుతూ ఉందని. పేరు కూడా రెండు ఇంటి చిరునామాలే, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి అని. ప్రేమను, నొప్పిని విడదీయకుండా ఒకే నోటితో చెప్పడం ఇంతకన్నా ఎలా కుదురుతుందో ఊహకు అందదు.

లీ బిన్‌యువాన్ కథ పొలంలో జరుగుతుంది. హునాన్ రాష్ట్రంలోని పల్లెలో పుట్టి బీజింగ్‌లో శిల్పం చదివిన ఆయనకు తండ్రి పోయాక ఒక చిన్న మడి దక్కింది. దక్కింది అంటే సొంతమైందని కాదు. చైనా పల్లెల్లో భూమి ఊరుమ్మడిది, కుటుంబానికి సాగు హక్కే ఉంటుంది. ఆయనకు వ్యవసాయం చేతకాదు. 2014లో ఆ మడికి వెళ్లి రెండు గంటలపాటు చేసిన పనికి ‘స్వేచ్ఛా సేద్యం’ అని పేరు పెట్టారు. దమ్ము చేసినట్టున్న బురదలో నిలబడి, శక్తి కొద్దీ పైకి ఎగిరి, అడ్డంగా పడతారు. లేస్తారు. బురద కారుతున్న ఒంటితో మళ్లీ ఎగురుతారు, ఈసారి వీపు మీద పడతారు. పడ్డచోటల్లా బురదలో మనిషి ఆకారం గుంట పడుతుంది, కాసేపటికి నీళ్లు దాన్ని నింపేస్తాయి. మొదట ఇది పిల్లల ఆటలా ఉంటుంది. నడుం పట్టేసి లేవడానికి చేతులు ఆనించాల్సి వచ్చేసరికి ఆట పోతుంది. తండ్రి ఈ మడిలో నడుం వంచి నాట్లు వేశాడు. కొడుకు తన ఒంటినే నాటుతున్నాడు. కర్మకాండ తెలియని కొడుకు చేసిన కర్మకాండ ఇది, పురోహితుడు లేడు, మంత్రం లేదు. న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 మ్యూజియం 2018లో జాంగ్ హువాన్, లీ బిన్‌యువాన్ ఇద్దరి పనులనూ ‘భూమి’ అన్న పేరుతో పక్కపక్కనే చూపించింది.

చావు గురించి యాంగ్ జెన్‌జోంగ్ చేసిన పని ఇంకా సూటిగా ఉంటుంది. 2000 నుంచి 2005 దాకా వేర్వేరు దేశాల్లో మామూలు మనుషులను కెమెరా ముందు నిలబెట్టి, ఎవరి భాషలో వాళ్లచేత ‘నేను చచ్చిపోతాను’ అనిపించారు. అంతే. కొందరు నవ్వుతారు, కొందరు గబుక్కున అనేసి తప్పుకుంటారు. ఏ మతమూ చెప్పనవసరం లేని నిజం, ఏ ముఖమూ తేలిగ్గా పలకలేని మాట.

చనిపోయినవాళ్లు బతికున్నవాళ్ల ఒంట్లోకి రావడం వాంగ్ తువో సినిమాల్లో కనిపిస్తుంది. ఆయన పుట్టిన చాంగ్‌చున్ ఈశాన్య చైనాలో ఉంది, పూనకాలతో పలికే షామన్ల నేల అది. 2018 నుంచి 2021 దాకా చేసిన నాలుగు వీడియోల వరుసలో 1948లో అంతర్యుద్ధ సమయాన చాంగ్‌చున్ ముట్టడిలో ఆకలితో పోయినవాళ్లు, అన్యాయానికి గురైనవాళ్లు ఇప్పటి మనుషుల్లోకి దిగివస్తారు. చరిత్ర మనిషికి పూనుతుందని ఆయన ఉద్దేశం. పల్లెల్లో పూనకం చూసినవాళ్లకు ఈ ఆలోచన వింతగా తోచదు. మాట్లాడే నోరు ఒకరిది, మాట ఇంకొకరిది.

ఇంతదాకా చెప్పిన ఒళ్లన్నీ ఎవరో కన్నవి, ఎవరికో రుణపడ్డవి. లూ యాంగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ ముడి తెగిపోతుంది. 1984లో షాంఘైలో పుట్టిన లూ యాంగ్ హాంగ్‌జౌలోని చైనా ఆర్ట్ అకాడమీలో జాంగ్ పెయ్‌లీ దగ్గరే చదువుకున్నారు. అద్దం పగలగొట్టిన గురువు, గేమ్ ఇంజిన్‌తో దేవతలను ఆడించే శిష్యరికం. 2011లో చేసిన పనిలో యముడికే యముడైన వజ్రభైరవుడి భీకర రూపాన్ని తీసుకుని, కోపం వచ్చినప్పుడు మెదడులో ఏ భాగం ఎలా రగులుతుందో శాస్త్ర పాఠంలా చూపించారు. 2017 నాటి పనిలో నలుగురు దేవతలు భూమి, నీరు, నిప్పు, గాలి పేర్లతో నాట్యం చేస్తారు, తలలకు నరాల చికిత్స పరికరాలు తగిలించుకుని. మనం పంచభూతాలంటాం, బౌద్ధం నాలుగు మహాభూతాలతోనే లెక్క కడుతుంది.

2015లో వచ్చిన ‘లూ యాంగ్ భ్రమల మండలం’ మరింత లోతుకు వెళ్లింది. లూ యాంగ్ తన ఒంటిని 3డీ స్కాన్ చేయించి, దాని నుంచి ఆడా మగా కాని బొమ్మను తయారుచేశారు. ఆ బొమ్మ పుర్రెకు చట్రం బిగిస్తారు, మెదడులోకి తీగలు దించుతారు, రకరకాల భ్రమలు పుట్టిస్తారు. ఆఖరికి చంపేస్తారు. మెరిసే లైట్ల శవవాహనం వస్తుంది. హోరెత్తే పాట, చురుకైన రంగులు. చూసేవాళ్లు నవ్వాలో భయపడాలో తేల్చుకోలేరు. తన చావును తానే కూర్చుని చూడటం బౌద్ధ సాధనలో పాత పద్ధతే. శ్మశానంలో శవం కుళ్లిపోయే దశలను ధ్యానించమని సూత్రాలే చెబుతాయి. లూ యాంగ్ శ్మశానానికి బదులు కంప్యూటర్ దగ్గర కూర్చున్నారు.

2020 నుంచి ‘డోకు’ అన్న డిజిటల్ మనిషి లూ యాంగ్ పనులకు కేంద్రమైంది. ఆ పేరు ‘డోకుషో డోకుషి’ అన్న జపాన్ మాట నుంచి వచ్చింది. ఒంటరిగా పుట్టి ఒంటరిగా పోతాం అని దాని అర్థం, మూలం అమితాభ బుద్ధుడి సూత్రంలో ఉంది. డోకుకు లూ యాంగ్ ముఖమే ఉంటుంది. మానవ, దేవ, అసుర, పశు, ప్రేత, నరక లోకాలకు ఒక్కొక్కటిగా ఆరు రూపాలు ఎత్తుతుంది. ఇందులో ఏది అసలు డోకు అని అడిగితే జవాబు లేదు. స్థిరమైన ‘నేను’ ఎక్కడా దొరకదన్న ఈ వాదానికి చైనాలో ఒక ముఖ్య ఆధారం 409లో చాంగాన్‌లో కుమారజీవుడు అనువదించిన మధ్యమక గ్రంథం, దాన్ని రాసినవాడు నాగార్జునుడు. చైనా బౌద్ధులు ‘లోంగ్‌షూ’ అని కొలిచే ఆ ఆచార్యుడి పేరే కృష్ణా తీరంలో మన నాగార్జునకొండకు ఉంది. అక్కడి నుంచి, 2022లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో తెర మీదికి వచ్చిన ‘డోకు’ దాకా నడిచింది ఒకే ప్రశ్న.

అయినా డోకు నాట్యం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. బాలి నర్తకుల ఒంటికి సెన్సర్లు కట్టి, వాళ్ల మెడ విరుపును, కంటి కదలికను, వేళ్ల వణుకును కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ విరుపు వాళ్లకు గురువుల చేతుల నుంచి అందింది. తల్లీ తండ్రీ లేని ఒంటికి కూడా కదలిక ఎవరో ఇవ్వాల్సి వచ్చింది. లూ యాంగ్ పనుల్లో అన్నిటికన్నా కదిలించేది ఇదే అనిపిస్తుంది, అంత హోరులో చాలామంది గమనించకుండా దాటిపోతారు.

సోంగ్ డోంగ్ తండ్రి 2002లో హఠాత్తుగా చనిపోయారు. ఆ దిగులుతో తల్లి ఇంట్లో ఏ వస్తువూ పారేయడం మానేశారు. అరిగిన సబ్బు ముక్కలు, ఖాళీ సీసాలు, పాత బట్టలు, టూత్‌పేస్ట్ ట్యూబులు ఇంటి నిండా పేరుకున్నాయి. 2005లో సోంగ్ డోంగ్ ఆ పదివేల పైచిలుకు వస్తువులనూ బీజింగ్‌లో ఒక ప్రదర్శనశాలకు తెచ్చారు. తల్లీకొడుకులు కలిసి వాటిని నేల మీద వరుసలుగా సర్దారు. వాటికి పైన నియాన్ దీపాలతో ఒక వాక్యం వేలాడదీశారు: ‘నాన్నా, బెంగపెట్టుకోకు. అమ్మ, మేము అందరం బాగానే ఉన్నాం.’